లైబ్రరీలో పెద్దవాళ్ళకు చదువు చెప్పడం ఎలా?

లైబ్రరీలో ఉచితంగా వయోజన విద్య క్లాసు మొదలుపెట్టేవాళ్ళు ముందుగా చేసేది గోడకు అక్షరమాల చార్టు తగిలించడం. దాన్ని తీసేయండి. ఇల్లు నడిపి పిల్లల్ని పెంచిన మనిషిని ఒకటో తరగతి బొమ్మల ముందు కూర్చోబెడితే రెండో రోజు రారు.

కావాల్సినవి తక్కువే: నలుగురు పట్టే బల్ల, తెల్ల కాగితాలు, పెన్సిళ్ళు, లావు స్కెచ్ పెన్ను. నేర్చుకునేవాళ్ళకు పెన్ను ఇవ్వకండి. చెరిపేసే వీలుంటే చెయ్యి భయపడదు. బల్లను దారిలో కాకుండా బీరువాల వెనక వేయండి. పని అయ్యాక, సాయంత్రం, వారానికి రెండు రోజులు చాలు. ఆ రోజులు మాత్రం మారకూడదు. నేర్చుకునేవాళ్ళు పోస్టరు చదవలేరు కాబట్టి లైబ్రరీకి వచ్చే పిల్లలతో, పాఠకులతో ఇంటికి కబురు పంపండి.

మొదటి రోజు పేరు, చేసే పని, ఏం చదవాలని ఉందో అడగండి. అందరి ముందు "ఇది చదవండి చూద్దాం" అనకండి. నలభై దాటినవాళ్ళకు చత్వారం ఉందేమో కూడా కనుక్కోండి. అక్షరం మసకగా కనిపిస్తుంటే, తమకు చదువు అబ్బదని అనుకుని మానేస్తారు.

ఇక అందరూ చెడగొట్టేది మొదటి పాఠం. అ నుంచి ఱ దాకా వల్లె వేయించి, తర్వాత గుణింతాలు, ఆ తర్వాత మాటలు అంటే నెలలు గడిచినా ఒక్క మాట చదవలేరు. ఋ, ఙ, ఞ వాళ్ళకు ఏ బోర్డు మీద కనిపిస్తాయి? వాళ్ళ నోట్లో ఉన్న మాటతో మొదలుపెట్టండి. 1963లో బ్రెజిల్‌లోని ఆంజికోస్‌ అనే ఊళ్ళో విద్యావేత్త పౌలో ఫ్రెయిరీ దాదాపు 300 మందికి 40 గంటల పాఠాలు నడిపింది ఈ దారిలోనే: జనం రోజూ వాడే మాట తీసుకుని, దాని గురించి మాట్లాడించి, ఆ తర్వాతే విడగొట్టడం.

తెలుగుకు ఇది ఇంకా బాగా కుదురుతుంది. "పని" రాయండి. దాని గురించి కాసేపు మాట్లాడనివ్వండి. తర్వాత ప, ని విడిగా చూపించండి. మరో రోజు "కూలి". ఇప్పుడు చేతిలో ప, న, క, ల ఉన్నాయి. కొమ్ము, గుడి, దీర్ఘం కలిపితే పాలు, కాలు, పూలు, నూలు, కలుపు, పిలుపు వస్తాయి. వాటిని మీరు చెప్పకండి. ముక్కలు ముందు పెట్టి ఆగండి. ఆ నిశ్శబ్దం భరించలేక జవాబు అందించేస్తారు చాలామంది. పాఠం పాడయ్యేది అక్కడే. తప్పు మాట కూర్చినా వాళ్ళనే పైకి చదవనివ్వండి, చెవి సరిదిద్దుతుంది.

ప, వ ఒకే వారం నేర్పకండి, ద, ధ కూడా అంతే. మొదటి నెల వత్తుల జోలికి పోకండి. సొంత పేరు మాత్రం మినహాయింపు. లక్ష్మి అయినా కృష్ణ అయినా మొదటి రోజే రాయించాలి.

మాటలు కుదిరాక వాళ్ళు చెప్పిన మూడు వాక్యాలు మీరు రాసి, వాళ్ళ చేత చదివించండి. "వస్తాండ" అంటే "వస్తాండ" అనే రాయండి. "వస్తున్నాను" అని దిద్దితే అది మీ వాక్యమైపోతుంది. అప్పుడు చదవడం ఆగి ఊహించడం మొదలవుతుంది. పుస్తక భాష తర్వాత నేర్పవచ్చు.

ఉద్యోగ శిక్షణను చదువు పూర్తయ్యేదాకా ఆపకండి. ప్రతి క్లాసులో చివరి అరగంట దానికే. ఖాళీ దరఖాస్తులో పేరు, చిరునామా, పుట్టిన తేదీ నింపడం, తర్వాత మౌస్, తర్వాత ఈమెయిల్. పాస్‌వర్డ్ వాళ్ళే పెట్టుకోవాలి, మీ నోటుబుక్కులో రాసుకోకండి. లైబ్రరీ కంప్యూటర్లో పాస్‌వర్డ్ సేవ్ చేయొద్దని, లేచేముందు లాగౌట్ అవ్వాలని ప్రతిసారీ చెప్పండి, పక్కనే నిలబడి చేయించండి.