ఒక్క సబ్జెక్టు మిగిలిందా? ముందు అది తేల్చేయండి

బీటెక్ చదివాను అనడం వేరు, పాసయ్యాను అనడం వేరు. మా చిన్నాన్న కొడుకు ఒక్క మ్యాథ్స్ పేపరు వదిలేసి భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పనికెళ్లాడు. రాత్రంతా చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకుని, తెల్లారకుండానే చెక్‌ట్రే ఎత్తి మేత ఎంత మిగిలిందో పుస్తకంలో రాసేవాడు. పనిలో వంక పెట్టేవాళ్లే లేరు. మూడేళ్లకి సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయితే, అడిగింది ప్రొవిజనల్ సర్టిఫికెట్, అంటే అసలు డిగ్రీ చేతికొచ్చేలోగా పాసయ్యాడని ఇచ్చే కాగితం. అది లేదు కాబట్టి ఆ పోస్టు వాడికంటే చిన్నవాడైన డిప్లొమా కుర్రాడికి వెళ్లింది. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు, నాకిప్పటికీ బాధే.

అందుకే ఈ పని ఇవాళే చేయండి. మెమోలన్నీ ముందేసుకుని మిగిలిన సబ్జెక్టు కోడ్, మీ రెగ్యులేషన్ (మీ బ్యాచ్‌కి వర్తించే సిలబస్, పరీక్షల నిబంధనలు) ఒక కాగితం మీద రాయండి. రెగ్యులేషన్ పాతదైతే ఆ పేపరుకి బదులు ఏది రాయాలో కాలేజీ ఎగ్జామ్ సెక్షన్‌లో అడగండి, సిగ్గుపడకండి. గడువు కూడా ఉంటుంది: జేఎన్‌టీయూ కాకినాడ బీటెక్ అయితే చేరిన దగ్గర్నుంచి 8 విద్యాసంవత్సరాలు. పరీక్ష ఫీజు తేదీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే చూడండి, వాట్సాప్ స్టేటస్‌లు నమ్ముకుంటే లేట్ ఫీజు పడుతుంది. ఉద్యోగం మానక్కర్లేదు, పరీక్ష రోజులకి సెలవు ముందే అడిగి పెట్టుకోండి.

టెన్త్, ఇంటర్ దగ్గరే ఆగిపోయినవాళ్లకి ఓపెన్ స్కూల్ ఉంది.

ఉద్యోగ నోటిఫికేషన్‌లో అందరూ వదిలేసే లైను ఒకటుంది, ఫలానా తేదీ నాటికి పాసై ఉండాలని. బ్యాంకు పీవోకి డిగ్రీ, రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్‌కి టెన్త్‌తో పాటు ఐటీఐ లాంటివి అడుగుతారు, రిజల్టు ఆ తేదీ దాటాక వస్తే ఎంత బాగా రాసినా లాభం లేదు. పోస్టాఫీసు గ్రామీణ డాక్ సేవక్‌కి పరీక్షే ఉండదు, టెన్త్ మార్కులతోనే తీసుకుంటారు, కాబట్టి ఈలోగా అదీ వేయండి.

పాసయ్యాక పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) వెంటనే తీసుకోండి. ఇంటిపేరు స్పెల్లింగ్ టెన్త్ మెమోతో అక్షరం అక్షరం కలవాలి. ఒరిజినల్‌కి లామినేషన్ మాత్రం చేయించొద్దు. కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు, సర్టిఫికెట్ అసలైనదేనని ధ్రువీకరించే అటెస్టేషన్ స్టాంపులు దాని వెనకే వేస్తారు, లామినేషన్ ఉంటే కుదరదు.