ఈఆర్‌పీ ఉంది, నెలాఖరు లెక్కలు మాత్రం ఎక్సెల్‌లోనే: తప్పు ఎక్కడ వెతకాలి?

సమస్య

ఈఆర్‌పీ (కొనుగోళ్లు, నిల్వ, అమ్మకాలు, ఖాతాలు అన్నిటినీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్) అమలై రెండు మూడేళ్లు గడిచాయి, లైసెన్సులకూ ఏఎంసీకీ (వార్షిక నిర్వహణ ఒప్పందానికీ) ఏటా డబ్బు కడుతూనే ఉన్నారు. అయినా నెలాఖరు సమావేశానికి స్టోర్స్, సేల్స్, అకౌంట్స్ విభాగాలు తలా ఒక ఎక్సెల్ షీటు తెస్తాయి, మూడింటిలోనూ నిల్వ విలువ మూడు రకాలుగా ఉంటుంది. సరిగ్గా ఈ దశలోనే కొత్త మాడ్యూల్ కోసమో, డాష్‌బోర్డు కోసమో, ఏఐ కోసమో మరో పెట్టుబడి ప్రతిపాదన యాజమాన్యం ముందుకు వస్తుంది. దాని మీద సంతకం చేసే ముందు ఈ తనిఖీలు, ఈ వరుసలోనే చేయండి.

మొదటి తనిఖీ: నమోదు ఎప్పుడు జరుగుతోంది?

ఇంత తేలికైన పరీక్షను దాదాపు అందరూ వదిలేస్తారు. లాగిన్ల సంఖ్య చూసి అందరూ వాడుతున్నారని తేల్చుకోవద్దు. సరుకు గేటు దాటిన తేదీనీ, దాని జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు రాసే పత్రం) సిస్టంలోకి ఎక్కిన తేదీనీ పక్కపక్కన పెట్టి చూడండి. నెలలో వచ్చిన సరుకంతా చివరి రెండు రోజుల్లో నమోదవుతుంటే, నెల మధ్యలో ఆ సిస్టం చూపే నిల్వను ఎవరూ నమ్మలేరు. అప్పుడు ఎక్సెల్ తప్పదు. పర్చేజ్ ఆర్డర్ నంబరు లేని లారీని లోపలికి రానివ్వకూడదు, జీఆర్‌ఎన్ లేని బిల్లుకు చెల్లింపు జరగకూడదు. ఈ రెండు ఆదేశాలు ఇవ్వవలసింది ఎండీ; ఐటీ విభాగం ఎంత చెప్పినా ఇది నడవదు.

అసలు దొంగ: ఐటెం మాస్టర్

నమోదు సకాలంలో జరుగుతున్నా లెక్కలు కలవకపోతే నేను నేరుగా ఐటెం మాస్టర్ (ప్రతి సరుకు కోడ్, పేరు, కొలమానం ఉండే మూల జాబితా) తెరుస్తాను. ఇది దొరకకపోవడానికి కారణం, ఇక్కడి తప్పు తప్పులా కనిపించదు. సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా ఇవ్వకుండా, తప్పుడు సమాచారం మీద సరైన కూడికలు చేసి చూపుతుంది. స్టోర్స్‌లో ‘బేరింగ్ 6205’ పేరుతో ఒక కోడ్, ‘6205 బేరింగ్’ పేరుతో మరొకటి, కంపెనీ పేరు ముందు చేర్చి ఇంకొకటి ఉంటాయి. మొదటి కోడ్‌లో నిల్వ సున్నా అని చూసి పర్చేజ్ విభాగం ఆర్డరు పెడుతుంది, మూడో కోడ్ కింద అదే బేరింగ్ అలమారలో పడి ఉంటుంది. కొలమానాలదీ ఇదే కథ: పెట్టెల్లో కొని విడిగా ఇచ్చే సరుకుకు పెట్టెకు ఎన్నో చెప్పే మార్పిడి సంఖ్య తప్పితే, నిల్వ విలువ ఒక్కసారిగా ఉబ్బుతుంది లేదా మైనస్‌లోకి పోతుంది.

ఇందుకు స్టోర్‌కీపర్‌ను నిందించడం అన్యాయం. గో-లైవ్‌కు (కొత్త సిస్టం వాడకం మొదలవడానికి) ముందు పాత జాబితాను ఉన్నదున్నట్టుగా ఎక్కించి వదిలేశారు. వెండర్ ఒప్పందంలో ‘డేటా మైగ్రేషన్’ అని ఉన్నా, సాధారణంగా దాని కింద జరిగేది ఎక్కించడమే, శుభ్రం చేయడం కాదు. ఆ తర్వాత గేటు దగ్గర లారీ ఆగి ఉండగా సరైన కోడ్ దొరకని మనిషి, సిస్టం అనుమతిస్తుంది కనుక, కొత్త కోడ్ సృష్టించి పని కానిస్తాడు.

ఇది చిన్న సంస్థలకే పరిమితమైన జబ్బు కాదు. అమెరికన్ రిటైల్ సంస్థ టార్గెట్ 2013లో కెనడాలో దుకాణాలు తెరిచి, 2015 జనవరిలోనే అక్కడి 133 దుకాణాలనూ మూసివేస్తున్నట్టు ప్రకటించింది. సరుకుల కొలతలు సెంటీమీటర్లకు బదులు అంగుళాల్లో నమోదు కావడం వంటి మాస్టర్ డేటా తప్పులు గోదాములు కిక్కిరిసి, దుకాణాల అరలు ఖాళీగా ఉండటానికి కారణమైన వాటిలో ముఖ్యమైనవి.

నిర్ధారణకు ఒక పూట చాలు. ఐటెం మాస్టర్‌ను ఎక్సెల్‌లోకి దించి, పేరులో ఉన్న అంకెల ఆధారంగా, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్‌టీ కోసం సరుకు రకాన్ని చెప్పే సంఖ్య) ఆధారంగా వరుస పెట్టండి. సరఫరాదారుల జాబితాను జీఎస్‌టీ నంబరులోని 3 నుంచి 12వ అక్షరం వరకు తీసి వరుస పెట్టండి. ఆ భాగం పాన్ నంబరు కనుక, రెండు పేర్లతో ఉన్న ఒకే సంస్థ బయటపడుతుంది. అడ్వాన్సు ఒక ఖాతాలో, బిల్లు మరో ఖాతాలో ఇరుక్కుపోవడానికి మూలం తరచుగా ఇక్కడే ఉంటుంది. మైనస్ నిల్వలు, రెండేళ్లుగా కదలని కోడ్లు కూడా వేరు చేయండి.

పరిష్కారం ఓపికతో చేయాలి. ముందుగా కొత్త కోడ్ సృష్టించే అధికారాన్ని అందరి నుంచీ తీసేసి, స్టోర్స్ లేదా పర్చేజ్ విభాగాధిపతి ఒక్కరికే ఇవ్వండి. ఐటీ మేనేజరుకు ఇవ్వవద్దు. ఎందుకంటే 6205 జడ్‌జడ్, 6205 2ఆర్ఎస్ చూడటానికి నకళ్లలా ఉన్నా, మొదటిదానికి లోహపు కవచం, రెండోదానికి రబ్బరు సీలు ఉంటాయి. వాటిని కలపకూడదని మెయింటెనెన్స్ ఇంజినీరుకు తెలుస్తుంది, కంప్యూటర్ మనిషికి తెలియనక్కరలేదు. నకలు కోడ్లను తొలగించవద్దు. తేదీ వేసిన వోచరుతో నిల్వను సరైన కోడ్‌లోకి మార్చి, పాతదాన్ని బ్లాక్ చేయండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి సవరణ జాడా నిలవాలన్న నిబంధన ఉంది కనుక, పని మొదలుపెట్టే ముందే ఆడిటర్‌కు చెప్పండి. విలువ ప్రకారం పైన ఉన్న సరుకులతో మొదలుపెట్టి, భౌతికంగా లెక్కించి సరిచూసుకుంటూ కిందికి రండి.

ఖర్చు మాత్రమే పెరుగుతుంటే

ఈఆర్‌పీకి ముందు వాడిన పాత సిస్టంను ఎవరూ ఆపి ఉండరు, దాని ఏఎంసీ కూడా నడుస్తూనే ఉంటుంది. కంపెనీల చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి కనుక చదవడానికి మాత్రమే వీలుండేలా దాన్ని భద్రపరచి, ఏఎంసీ రద్దు చేయండి.

మిగిలినవి

సర్వర్ నెమ్మది, నెట్‌వర్కు లోపం, సాఫ్ట్‌వేర్ ఎంపికలోనే పొరపాటు: ఇవి అరుదు. పై తనిఖీలన్నీ దాటాకే వాటి జోలికి వెళ్లండి.

శాప్ ఈసీసీ (శాప్ సంస్థ పాత తరం ఈఆర్‌పీ) వాడుతున్న సంస్థలకు మరో మాట. దాని చివరి వెర్షన్లకు కూడా ప్రధాన మద్దతు 2027 చివరితో ముగుస్తుంది కనుక కొత్త వెర్షన్ ప్రతిపాదనలు ఇప్పటికే మీ బల్ల మీద ఉండి ఉంటాయి. అందులో డేటా శుభ్రతకు వేరుగా ఒక పద్దు, దానికి బాధ్యత వహించే విభాగాధిపతి పేరు, మైగ్రేషన్‌కు ముందే ముగిసే గడువు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆ ప్రతిపాదనను తిప్పి పంపండి.