బతుకమ్మ సెలవులకు ముందు: వరంగల్ మడికొండ ఐటీ బృందాలకు

ఫ్లీట్‌తో (ఆఫీసు కంప్యూటర్లను ఒకేచోటి నుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్) ల్యాప్‌టాప్‌లను నిర్వహించేవారు సద్దుల బతుకమ్మకు ఊళ్లకు బయలుదేరేలోపు ఇవి చూసుకోండి.

ఫ్లీట్ మ్యాక్‌లకు ఆదేశాలు పంపాలంటే కావాల్సిన యాపిల్ పుష్ సర్టిఫికెట్ గడువు 365 రోజులే. మొదట తీసుకున్న యాపిల్ ఖాతాతోనే పునరుద్ధరించాలి. వేరే ఖాతాతో కొత్తది తెస్తే మ్యాక్‌లన్నిటినీ మళ్లీ నమోదు చేయాల్సిందే. ఆ ఖాతా ఎప్పుడో ఉద్యోగం మానేసిన వారి పేరిట ఉందేమో, ఈ రోజే చూడండి.

ఫ్లీట్ డేటాబేస్ అయిన మైఎస్‌క్యూఎల్ బ్యాకప్‌తో పాటు, అందులోని రహస్యాలను తెరిచే సర్వర్ ప్రైవేట్ కీని కూడా దాచండి, కానీ వేరేచోట. ఆ కీ పోతే డేటాబేస్‌లోని ఎండీఎం (పరికరాల నిర్వహణ) సర్టిఫికెట్లు తెరుచుకోవు.

పాస్‌వర్డ్ మరచినప్పుడు లాక్ అయిన డిస్క్‌ను తెరిచే రికవరీ కీలు సర్వర్‌కు చేరాయా? సకినాలతో పాటు మరచిన పాస్‌వర్డ్‌నూ వెంట తెచ్చేవారు ఏటా ఉంటారు.

చివరి రోజు సాయంత్రం కొత్త స్క్రిప్టు (ల్యాప్‌టాప్‌లలో నడిచే ఆదేశాల ఫైలు) అందరికీ పంపకండి. సరిదిద్దడానికి ఆఫీసులో ఎవరూ ఉండరు.