ఒకే వేదికపై తీగవాద్య చతుష్టయం, కూచిపూడి: నిర్వాహకులకు సూచనలు

హైదరాబాదులో రవీంద్రభారతి వంటి వేదికపై ఉత్సవ సాయంత్రం తీగవాద్య చతుష్టయాన్నీ కూచిపూడి నృత్య బృందాన్నీ పిలిచేవారు ముందుగా ప్రదర్శనల క్రమాన్ని నిర్ణయించుకోవాలి. రెండు వయొలిన్లు, ఒక వియోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది), ఒక చెల్లో (నేలపై ఆనించి వాయించే పెద్ద తీగవాద్యం) కలిసిన చతుష్టయానికి నిశ్శబ్దమే ప్రాణం కనుక, దానిని ముందుంచి, గజ్జెల సవ్వడితో సభను నింపే నృత్యాన్ని తరువాత పెట్టడమే నా దృష్టిలో సరైనది.

తీగలూ, చెక్కా, మృదంగపు చర్మమూ గాలిలోని తేమకూ ఏసీ చల్లదనానికీ స్పందించి శ్రుతి తప్పుతాయి. అందువల్ల వాద్యాలను కనీసం గంట ముందే హాలులోకి చేర్చి, ప్రదర్శన వేళ ఉండే చల్లదనంలోనే కళాకారులను శ్రుతి చేసుకోనివ్వాలి. చతుష్టయ కళాకారుల కుర్చీలకు చేతులు ఉండకూడదు, అవి వాయించే చేతికి అడ్డుతగులుతాయి.

చెల్లో అడుగున ఉండే లోహపు మొన నేలలో దిగకుండా కింద దళసరి పట్టీ వేయించాలి, ఎందుకంటే అక్కడ లేచిన చెక్క పేళ్లు తరువాత వట్టి పాదాలతో ఆడే నర్తకులకు గుచ్చుకుంటాయి.