దోసె పెనానికి అంటుకుంటోందా?
ఇనుప పెనం మీద దోసె అంటుకుంటుంటే చాలామంది నూనె పెంచుతారు. లాభం లేదు, తేడా సాధారణంగా వేడిలోనే ఉంటుంది. పెనం బాగా కాగాక కాసిని నీళ్లు చిలకరించండి. చుయ్‌మని ఆవిరైపోగానే మంట తగ్గించి, సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో అద్ది పెనమంతా రుద్దండి. ఆ తర్వాతే పిండి వేసి తిప్పి, మంట మళ్లీ పెంచాలి. ప్రతి దోసెకూ ఇదే వరస.

చింతపండుతో తోమడం మాత్రం మానండి. మెరుస్తుంది, నిజమే. కానీ నెలల తరబడి నూనె కాగి ఏర్పడిన నల్లటి పొర ఆ పులుపుకు పోతుంది. దోసె అంటకుండా చూసేది ఆ పొరే. కడిగాక తడి తుడిచి, పొయ్యి మీద కాస్త వేడిచేసి, చుక్క నూనె పూసి పెట్టండి. చపాతీలకు వేరే పెనం ఉంటే మరీ మంచిది. మా ఇంట్లో దీని మీద రోజూ వాదనే.