పాత బండికి మళ్లీ ఊపిరి – 2వ పాఠం: కిక్కు కొట్టకముందే

గత పాఠం చివర మీకొక పని అప్పగించాను. బండి ఇంటికి చేరాక కిక్కు కొట్టవద్దు, సెల్ఫ్ బటన్ నొక్కవద్దు, బ్యాటరీ తీగలు విప్పి పక్కన పెట్టండి అని. ఎంతమంది చేతులు కట్టుకుని కూర్చున్నారో తెలియదు. కూర్చోలేకపోయినవారు సిగ్గుపడనక్కరలేదు, నేనూ ఒకప్పుడు ఆ బాపతే. ఆ కథ కాసేపట్లో చెబుతాను.

ఈ పాఠంతో కొత్తగా చేరినవారి కోసం మన బండి గురించి నాలుగు మాటలు. ఇది 2012 నాటి హీరో ఇంపల్స్. హోండాతో విడిపోయాక హీరో తన సొంత పేరు మీద 2011లో తెచ్చిన బండి. బ్రెజిల్‌లో హోండా అమ్మిన ఎన్ఎక్స్ఆర్ 150 బ్రోస్ దీనికి మూలం. 150 సీసీ ఇంజిన్, ముందు 19 అంగుళాల చక్రం, వెనుక 17, పొడవాటి ఫోర్కులు. గుంతలో దిగి లేచినా వెన్నుకు తెలియనివ్వదు. ఎందుకో అప్పట్లో జనం దీన్ని పట్టించుకోలేదు. 2019లో హీరోదే ఎక్స్‌పల్స్ 200 వచ్చి పేరు తెచ్చుకున్నాక, అయ్యో, ఇంపల్స్ కూడా మంచిదే కదా అని వెతకడం మొదలుపెట్టారు.

మన బండి చెన్నైలో, పళ్లికరణై దగ్గర ఒక అపార్టుమెంటు కింద గోడ వైపు ముఖం పెట్టి నిలబడి ఉండగా దొరికింది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు చెన్నైని ముంచేసింది కదా, ఆ నీళ్లు దీని సీటు దాకా వచ్చాయట. యజమాని పైపైన తుడిచి, కవరు కప్పి, ఇక దాని వంక చూడలేదు. 14 వేలకు ఇచ్చేశారు. కాగితాల సంగతి మొదటి పాఠంలో చూశాం: యజమాని పేరు మార్చే 29, 30 ఫారాలు, ఆర్సీ (రిజిస్ట్రేషన్ పత్రం) గడువు. 2012 బండికి పదిహేనేళ్లు 2027లో నిండుతాయి కాబట్టి అప్పుడు 25వ ఫారంతో రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉంటుందని గుర్తుంచుకుని ధర మాట్లాడాలని కూడా చెప్పుకున్నాం.

ఈ పాఠమంతా నీళ్ల గురించే. బండిలోకి చేరిన నీళ్లు ఎక్కడెక్కడ దాక్కున్నాయో కనిపెట్టి, ఒక్కొక్క చోటు నుంచి బయటికి పంపాలి. ఆ తరువాతే మిగతా ముచ్చట.

నా పాత పాపం

2015 డిసెంబరు వరదల తరువాత చెన్నై వేళచ్చేరిలో మునిగిన ఒక బండిని చవకగా కొన్నాను. నీళ్లు తీసి వారం కాలేదు. ఇంటికి తెచ్చిన సాయంత్రమే, చుట్టూ పిల్లలు చూస్తుంటే, వీరుడిలా కిక్కు మీద నిలబడి కొట్టాను. మొదటిది సగంలో ఆగింది. రెండోసారి ఒంటి బరువంతా వేశాను. లోపల టక్కుమని ఒక శబ్దం, అంతే. సిలిండర్‌లో నీళ్లున్నాయి. పిస్టన్‌ను కింద నుంచి తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది.

చెన్నైలో పాత బండి భాగాలు అమ్మే పుదుపేటలో ఇంజిన్ విప్పించిన లేత్ పెద్దాయనది నెల్లూరు జిల్లా. ఆ రాడ్డును బల్ల మీద దొర్లించి చూపించి, "గాలినయితే నొక్కుతావు, నీళ్లను ఎట్లా నొక్కుతావు నాయనా?" అన్నాడు. మొత్తం విషయం అదే. పిస్టన్ పైకి వచ్చినప్పుడు పైనున్న గాలి తొమ్మిదో వంతుకు కుదించుకుంటుంది. నీళ్లు కుదించుకోవు. పైకి పోవలసిన పిస్టన్‌కు దారి లేదు, కింద నుంచి మీ కాలి బలం ఆగదు. మధ్యలో నలిగేది రాడ్డే. సెల్ఫ్ మోటారయితే కాలి కన్నా మొండిది, దానికి అడ్డు తగిలిందన్న స్పృహ కూడా ఉండదు.

రెండేళ్లు నిలిచిన బండిలో సిలిండర్ నీళ్లు ఈపాటికి ఆవిరై ఉండవచ్చు. కానీ అవి వదిలిన తుప్పు ఉంటుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు సిలిండర్ గోడకు అతుక్కుని ఉంటే, అదాటున తిప్పినప్పుడు గోడ మీద గీతలు పడతాయి. కారణం మారినా మన జాగ్రత్త మారదు.

ఆయిల్ చెప్పే జాతకం

బండిని సమతలంగా ఉన్న చోట, వీలైనంత నిటారుగా, రెండు రోజులు కదపకుండా ఉంచండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు. తీసుకొచ్చేటప్పుడు కుదుపులకు కలిసిపోయినవి ఈ రెండు రోజుల్లో అడుగుకు దిగుతాయి.

మూడో రోజు ఒక పాత హార్లిక్స్ సీసా తీసుకోండి. గాజుదే కావాలి. ఇంజిన్ అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు చుట్టూ మట్టిని బ్రష్షుతో దులిపి, రింగు స్పానర్‌తో వదులు చేయండి. రెండువైపుల నోరున్న స్పానర్ వాడితే బోల్టు మూలలు అరిగిపోతాయి, తరువాత ఏడవాల్సింది మీరే. బోల్టును మొత్తం తీయకండి. చివరి ఒకటిన్నర చుట్టు ఉండగానే చినుకులు మొదలవుతాయి. ఆ మొదటి చినుకులను సీసాలో పట్టండి.

మన ఇంపల్స్‌లో ముందు వచ్చినవి ఇటుకరంగు నీళ్లు. సీసాలో రెండు వేళ్ల ఎత్తు. తరువాత దారం లాగా నల్లటి ఆయిల్. ఆఖరున, బోల్టు పూర్తిగా తీశాక, చిక్కటి పాలు ఎక్కువైన కాఫీలాంటి ముద్ద. ఆ కాఫీ రంగు చూసి గుండె జారనివ్వకండి. నీళ్లు, ఆయిల్ కలిసి చిలికినప్పుడు వచ్చే రంగు అది. మునిగిన బండి అని తెలిసే కొన్నాం కదా. గుండె జారవలసింది ఆ ముద్దలో వేలు పెట్టి రుద్దినప్పుడు మెరిసే రజను తగిలితే. అయస్కాంతానికి అంటుకునే ముక్కలుంటే గేరు పళ్లవో, బేరింగులవో కావచ్చు. మనకు ఏమీ తగలలేదు. బోల్టుకు అంటుకున్న సన్నని బూడిదరంగు పేస్టు మామూలు అరుగుదలే.

ఇక్కడ మెకానిక్కులతో నాకొక పాత తగువు ఉంది. చాలామంది ఇలాంటి ఇంజిన్‌లో అర లీటరు డీజిల్ పోసి, స్టార్ట్ చేసి, కాసేపు తిప్పి పారబోస్తారు. శుభ్రమవుతుంది, నిజమే. కానీ ఆ కాసేపూ బేరింగుల మధ్య ఉన్నది డీజిలే. దానికి ఆయిల్‌కున్న జిగట లేదు. నేను ఆ పని చేయను. చవకైన మినరల్ ఆయిల్, 10డబ్ల్యూ30, డబ్బా మీద జాసో ఎంఏ (బైకు ఆయిళ్లకు జపాన్ ప్రమాణం) అని రాసి ఉన్నది తీసుకుని పోస్తాను. దాన్ని బలిపశువు ఆయిల్ అనుకోండి. ఇంజిన్ మొదటిసారి తిరిగాక పదిహేను నిమిషాల్లో దాన్ని తీసేస్తాం. మళ్లీ కాఫీ రంగు వస్తే మరో లీటరు. రంగు తేటపడేదాకా అంతే. మామూలుగా రెండు, మహా అయితే మూడు విడతలు. కారు ఆయిల్ ఇంట్లో మిగిలి ఉందని పోయకండి. ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే రసాయనాలుంటే క్లచ్ జారుతుంది.

డ్రెయిన్ బోల్టు తిరిగి బిగించేటప్పుడు మొదటి మూడు చుట్లు చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ కేసు అల్యూమినియం, బోల్టు ఉక్కు. మర అడ్డదిడ్డంగా పడితే ఓడిపోయేది కేసే. వాషర్ కొత్తది వేయండి, పది రూపాయల దగ్గర పిసినారితనం వద్దు.

తీసిన ఆయిల్‌ను కాలువలో పోయకండి. మా వైపు కాలువలు చాలా మటుకు చేరేది పళ్లికరణై చిత్తడి నేలలోకే. అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకు 2022లో ఎక్కిన చోటు అది. డబ్బాలో పట్టి మెకానిక్ షాపులోని పాత ఆయిల్ డ్రమ్ములో పోసి రండి.

చక్రంతో ఇంజిన్ తిప్పడం

స్పార్క్ ప్లగ్గు విప్పేముందు దాని చుట్టూ ఉన్న గుంతను సైకిల్ పంపుతో ఊదండి. రెండేళ్ల ఇసుక అక్కడే ఉంటుంది, ప్లగ్గు తీయగానే నేరుగా సిలిండర్‌లో పడుతుంది. ప్లగ్గు తీశాక, ఇంజక్షన్ సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల పలచని ఆయిల్ ఆ రంధ్రంలోకి వదిలి, పైన గుడ్డ కప్పి, రాత్రంతా వదిలేయండి.

ఇంపల్స్‌కు సెంటర్ స్టాండ్ లేదు. ఒకరు హ్యాండిల్ పట్టుకోగా, అడుగున గట్టి చెక్కదిమ్మ పెట్టి, వెనుక చక్రం నేలకు వేలెడెత్తు లేచేలా చేయండి. గేరు ఐదులో వేయండి. కొత్తవాళ్లు ఇక్కడ ఒకటో గేరు వేసి, చక్రం కదలడం లేదు, ఇంజిన్ జామ్ అయిందని బెంబేలెత్తిపోతారు. ఒకటో గేరులో చక్రం కాస్త కదలాలన్నా ఇంజిన్ చాలా చుట్లు తిరగాలి, చేతికి బరువు. ఐదులో ఆ బరువు బాగా తగ్గుతుంది.

ఇప్పుడు రెండు చేతులతో టైరు పట్టుకుని, ముందుకు వెళ్లే దిశలో, మెల్లగా. మన బండి మొదట అసలు కదల్లేదు. రాయిలా ఉంది. తోయాలనిపిస్తుంది, తోయకండి. మరో ఐదు మిల్లీలీటర్లు, మరో రాత్రి. రెండో ఉదయం చేతికి చిన్న మెత్తదనం తగిలింది. తడిసి బిగుసుకున్న తలుపు లొంగేముందు ఉంటుందే, అలాంటిది. ఒక అంగుళం ముందుకు, అర అంగుళం వెనక్కి. అలా ఇరవై నిమిషాలు. చివరికి ఒక పూర్తి చుట్టు తిరిగింది, ప్లగ్గు రంధ్రం మీది గుడ్డ ఉస్సురని ఉబ్బింది. గుడ్డ విప్పి చూస్తే తుప్పురంగు ఆయిల్ చుక్కలు. గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా తిప్పుతూనే ఉండాలి.

వారం రోజులు ఇలా చేసినా కదలకపోతే సుత్తి పట్టుకోకండి. సిలిండర్ పైమూత, అంటే హెడ్డు, విప్పాల్సిందే. బోరు, పిస్టన్ సంగతి వేరే పాఠంలో వస్తుంది. ఇంజిన్ భాగాల విషయంలో మాత్రం ఇంపల్స్ వారికి ఒక అదృష్టం ఉంది: హీరో వారి పాత బండ్లు హంక్, సీబీజెడ్ ఎక్స్‌ట్రీమ్ ఇంజిన్లతో దీనిది దగ్గర చుట్టరికం. చెన్నైలో బండి విడిభాగాల బజారు జీపీ రోడ్డులో గ్యాస్కెట్లు, రింగులు అడిగేటప్పుడు ఇంపల్స్ అనకుండా ఆ పేర్లు చెప్పి చూడండి, పాత భాగం చేతిలో పట్టుకెళ్లి పోల్చుకోండి. కష్టమయ్యేవి ప్లాస్టిక్ భాగాలు. వాటి కోసం పుదుపేట తిరగాలి. అక్కడ ఏది కొన్నా రశీదు అడగడం మరవకండి.

ట్యాంకు

మూత తీయగానే వార్నిష్ వాసన వస్తే అది పెట్రోలు కాదు, పెట్రోలు శవం. ఎథనాల్ కలిపిన పెట్రోలుకు నీళ్లంటే మోజు. నీళ్లు ఎక్కువైతే ఎథనాల్ పెట్రోలును వదిలి నీళ్లతో కలిసి అడుగుకు చేరుతుంది. సరిగ్గా ఇంజిన్‌కు పెట్రోలు వదిలే ట్యాప్ ఉన్నది అక్కడే.

ట్యాంకు విప్పి, ఖాళీ చేసి, సబ్బు నీళ్లతో రెండుసార్లు కడగండి. ఆవిరి వాసన పూర్తిగా పోయేదాకా దగ్గరలో స్టౌ, సిగరెట్, డ్రిల్లు ఏదీ వద్దు. ట్యాప్ తీసిన రంధ్రాన్ని సైకిల్ ట్యూబు ముక్కతో మూయండి. లోపల పొరలు పొరలుగా తుప్పుంటే ఓ డజను నట్లు వేసి ఊపండి. వేసినవి లెక్కపెట్టి వేయండి. పన్నెండు వేసి పదకొండు బయటికి వస్తే ఆ పన్నెండోది మీ జీవితాంతం మలుపు తిరిగిన ప్రతిసారీ పలకరిస్తుంది.

ఇత్తడి బిందె తోమడానికి అమ్మ చింతపండు ఎందుకు వాడేదో తెలుసు కదా. అదే సూత్రం. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది. లీటరు వేడినీళ్లకు 50 నుంచి 60 గ్రాములు. మన ట్యాంకు 11 లీటర్లది, కాబట్టి ముప్పావు కిలోకు కాస్త తక్కువ పట్టింది. నిండా పోసి ఒక రాత్రి ఉంచండి. మూత బిగించకండి, పులుపు ఇనుముతో కలిసినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, అది బయటికి పోవాలి. పెయింటు మీద ఒలికితే వెంటనే తుడవండి. బాగా పనిచేస్తోందని మూడు రోజులు వదిలేస్తే మంచి ఇనుమును కూడా తింటుంది.

మర్నాడు పారబోసి, బకెట్ నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి కడిగి, మళ్లీ మంచినీళ్లతో కడిగి, ఎండలో బోర్లించండి. అసలు పరీక్ష ఇక్కడే. చెన్నై గాలిలో సముద్రముంది. తళతళలాడే ఇనుము మన కళ్ల ముందే నారింజ రంగు తిరుగుతుంది. ఆరిందనిపించగానే, టీకి వెళ్లకుండా, కాస్త పెట్రోలులో ఇంజిన్ ఆయిల్ కలిపి లోపలంతా తిరిగేలా ఊపండి. నేను టీకి వెళ్లాను. మరో ముప్పావు కిలో నిమ్మ ఉప్పు కొన్నాను.

వచ్చే పాఠానికి

కార్బొరేటర్ విప్పుతాం. ఒక పాత కరెంటు వైరు ముక్క తెచ్చుకోండి, అందులోని రాగి పోగుతోనే జెట్‌లు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాల ముక్కలు) శుభ్రం చేస్తాం, గుండుసూదులు వద్దు. భాగాలు పెట్టుకోవడానికి ఇడ్లీ ప్లేటు చాలా అనువుగా ఉంటుంది, ఇంట్లో అడిగి తీసుకోండి. ఈలోగా రోజుకొకసారి ఐదో గేరులో చక్రం నాలుగు చుట్లు తిప్పి, గుడ్డ మీద పడిన చుక్కల రంగు నోటుబుక్కులో రాసుకోండి. బ్యాటరీ తీగలు ఇప్పుడే కలపకండి.