వాగులో ఎదురు పాకండి

అమెరికాలోని టెనెసీ, నార్త్ కరోలినా కొండవాగుల్లో మాస్కు, శ్వాసగొట్టం పెట్టుకొని చేపలను చూడాలనుకుంటే ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగానే పాకండి. మీరు కదిలించిన బురద వెనక్కి కొట్టుకుపోతుంది, ముందున్న నీరు తేటగా ఉంటుంది. చేపలు కూడా ఎగువకు తల పెట్టి నిలుస్తాయి కాబట్టి వాటి వెనుకగా దగ్గరికి చేరవచ్చు.

మే నెలలో అడుగున గులకరాళ్ల కుప్ప కనిపిస్తే అక్కడే ఆగండి. రివర్ చబ్ మగచేప ఒక్కొక్క రాయినీ నోటితో మోసుకొచ్చి కట్టిన గూడు అది! అందులోనే గుడ్లు పెట్టడానికి టెనెసీ షైనర్లనే చిన్న చేపలు ఎర్రగా మెరుస్తూ గుంపులుగా వస్తాయి. పక్కనున్న బండను పట్టుకొని పది నిమిషాలు కదలకుండా ఉండండి, బెదిరినవి తిరిగి వస్తాయి. ఫ్లాష్ వద్దు, నీటిలోని నలుసులన్నీ ఫొటోలో తెల్లచుక్కలవుతాయి. పెద్ద రాళ్లను దయచేసి కదపకండి, వాటి కింద హెల్‌బెండర్ సాలమాండర్లు (బల్లిలా కనిపించే పెద్ద ఉభయచరాలు) కాపురముంటాయి.